బోరింగుకు వేసిన గొలుసు

ఓట్లు లెక్కపెట్టిన మూడో రోజు పొద్దున సాయిబుల వీధి ఆడవాళ్లు ఎప్పటిలాగే బిందెలు తీసుకుని బోరింగు దగ్గరికి వచ్చారు. బోరింగు పిడికి ఇనుప గొలుసు చుట్టి, తాళం వేసి ఉంది.

ఎర్రబండపాలెంలో తాగే నీళ్లకు ఆ ఒక్క బోరింగే ఆధారం. అది రాళ్లు కొట్టేవాళ్లుండే రాళ్లగూడెం మొదట్లో, క్వారీ కార్మికుల యూనియన్ పాకకు ఎదురుగా ఉంటుంది. నాలుగేళ్ల కిందట యూనియన్ వాళ్లు గురజాల ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, ధర్నా చేసి, దాన్ని వేయించారు. ఆ రోజు దాకా అక్కడ నీళ్లు పట్టుకునేవాళ్లను నీది ఏ వీధి అని ఎవరూ అడగలేదు.

అందరికంటే ముందున్నది హజ్రా బీ. అరవై దాటిన మనిషి. ఆమె గొలుసును ఒకసారి చేత్తో తడిమి చూసి, పాక అరుగు వైపు తిరిగింది. అరుగు మీద ఏడెనిమిది మంది మగవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్ల మధ్యలో యూనియన్ సెక్రటరీ అంకమ్మరావు ఉన్నాడు. తాళంచెవి అతని మొలతాడుకు వేలాడుతోంది.

"ఏందిరా అంకమ్మరావూ ఇది? బోరింగు చెడిందా?"

"చెడలేదత్తా. బానే ఉంది."

"మరి ఈ గొలుసేంది?"

అంకమ్మరావు లేచి నిలబడ్డాడు. ఆ మాట కోసమే అతను పొద్దుటినుంచి ఎదురు చూస్తున్నాడు.

"ఓటు ఎవరికేశారో ఆయన గుమ్మం ముందుకు పోయి అడగండి నీళ్లు. కొత్త ప్రెసిడెంటు గారింట్లో మోటారుంది గదా! లాఠీదెబ్బలు తిని బోరింగు ఏయించటానికి మేము, ఓట్లకి ఆయనా?"

అరుగు మీద నవ్వులు లేచాయి. కుర్ర కార్మికుడు కోటిలింగం చప్పట్లు కూడా కొట్టాడు. హజ్రా బీ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. అంకమ్మరావు ముఖంలోకి కాసేపు చూసింది. "సరేలే నాయనా" అని వెనక్కి తిరిగింది. మిగతా ఆడవాళ్లు ఆమె వెంట నడిచారు. ఖాళీ బిందెలు ఒకదానికొకటి తగిలి టంగుమన్నాయి.

యూనియన్ ఓట్లలో ఓడిపోయిన దగ్గరనుంచి మొదటిసారి అంకమ్మరావు గుండెలో బరువు దిగినట్టయింది. గొలుసు తీసి తన గూడెం ఆడవాళ్లను రమ్మన్నాడు. అందరూ వచ్చారు గాని అతని భార్య పిచ్చమ్మ మాత్రం బిందె నింపకుండానే ఇంటికి వెళ్లిపోయింది. అతను అది చూశాడు, చూడనట్టు ఊరుకున్నాడు.

అతని కోపం ఊరికే పుట్టుకొచ్చింది కాదు. ఎర్రబండపాలెం నాపరాళ్ల క్వారీ వెంకట్రామయ్య కాంట్రాక్టు. రాతిలో తూటా పేల్చే ముందు కేక వెయ్యాలన్న నియమం అక్కడ లేదు. రాయి ఎగిరొస్తే ఎగిరొస్తుంది. రెండేళ్లలో ముగ్గురు పోయారు. చివరగా పోయింది యేసుపాదం. అన్నం మూట విప్పుకుని కూర్చున్నవాడి తల మీద పడింది రాయి. పోలీసులు వచ్చే లోపల శవాన్ని డొంక మీదికి మోయించి, లారీ గుద్ది చచ్చాడని రాయించారు. అతని భార్య కుసుమకు ఇద్దరు ఆడపిల్లలు.

యూనియన్ సమ్మె చేసింది. పేల్చే ముందు సైరన్ మోగించాలి, పనివాళ్ల పేర్లు హాజరు పుస్తకంలో రాయాలి అని అడిగింది. రాళ్లు కొట్టేవాళ్లూ మోసేవాళ్లూ తొమ్మిది రోజులు పనిలోకి పోలేదు. కాని సాయిబుల వీధి మగవాళ్లు కంప్రెసర్లు నడిపేవాళ్లు, గాలితో నడిచే జాకీ మిషన్లతో రాతికి బెజ్జాలు వేసేవాళ్లు. వాళ్లు పనిలోకి పోయారు. వెంకట్రామయ్య పైఊళ్ల నుంచి కూలీలను దించి క్వారీ నడిపించాడు. పదో రోజున సమ్మె విరిగింది.

తరవాత ఎనభై ఎనిమిదిలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. పంచాయతీ ముద్ర మన చేతిలో ఉంటే చచ్చినవాణ్ణి చచ్చినచోటే చచ్చాడని రాయించగలం అనుకున్నారు యూనియన్ వాళ్లు. యూనియన్ ప్రెసిడెంటు శివయ్య పోటీకి నిలబడ్డాడు. ముప్పై ఏళ్లు రాయి కొట్టి ఊపిరితిత్తుల నిండా రాతిపిండి నింపుకున్న మనిషి. ఎదురుగా నిలబడ్డది సాక్షాత్తూ వెంకట్రామయ్య. శివయ్య నలభై ఒక్క ఓట్లతో ఓడిపోయాడు.

గెలుపు ఊరేగింపు డప్పులతో యూనియన్ పాక ముందుకొచ్చి ఆగింది. ఎవరో శివయ్య తెల్ల జుట్టు మీద రంగునీళ్ల కుండ కుమ్మరించారు. కుసుమ గుమ్మం ముందు టపాకాయల దండ పరిచి అంటించారు. తూటా పేలిందనుకుని కుసుమ పిల్లల్ని చెరో చంకనా ఇరికించుకుని వీధిలోకి పరుగెత్తుకొచ్చింది. ఊరేగింపు మొత్తం ఆమెను చూసి నవ్వింది. ఆ నవ్వినవాళ్లలో సాయిబుల వీధి కుర్రాళ్లు ఉన్నారు. అంకమ్మరావు వాళ్లను ఒక్కొక్కరినీ గుర్తుపెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం పాకలో కోటిలింగం ఓట్ల లెక్క చదివి వినిపించాడు. సాయిబుల వీధిలో నూట పన్నెండు ఓట్లు పడితే అందులో శివయ్యకు వచ్చినవి నాలుగు.

"మన గొంతు కోసింది ఆ వీధే" అన్నాడు కోటిలింగం.

"బోరింగుకి తాళమేద్దాం" అన్నాడు అంకమ్మరావు.

శివయ్య చెవుల్లో ఇంకా రంగు ఉంది. "నీళ్ల జోలికి పోబాకండిరా" అన్నాడు. దగ్గు తెర వచ్చింది. పక్కకు ఒత్తిగిలి పడుకున్నాడు. రెండోసారి అనలేదు. ఒక్కసారే అన్నాడు కాబట్టి గట్టిగా వద్దనలేదని అంకమ్మరావు అర్థం చేసుకున్నాడు. లారీకి కట్టే గొలుసు తన ఇంట్లోనుంచే తెచ్చి తన చేత్తోనే చుట్టాడు.

గొలుసు వేసిన రెండో రోజు మధ్యాహ్నం పాత క్వారీ గుంట వైపు నుంచి ఒక ఆడమనిషి కేక వినిపించింది. ఆ గుంటలో రాయి అయిపోయి పదేళ్లయింది. వాననీళ్లు నిలిచి పాచి పట్టి ఉంటాయి. గొడ్లు కూడా ఆలోచించి దిగుతాయి. అంకమ్మరావు దగ్గరలోనే పలకలు కొడుతున్నాడు. సమ్మెట పారేసి పరుగెత్తాడు. అందరికంటే ముందు చేరింది అతనే.

రాతిలో తొలిచిన మెట్ల అడుగున హజ్రా బీ పడి ఉంది. కుడికాలు తొడ దగ్గర తిరగరాని వైపుకు తిరిగి ఉంది. బిందె సొట్టపోయి పచ్చనీళ్ల మీద తేలుతోంది. ఆమె నోటి వెంట మాట లేదు, పళ్లు మాత్రం కటకటమంటున్నాయి. అంకమ్మరావు మోకాళ్ల మీద కూలబడి ఆమె భుజాల కింద చేతులు పెట్టబోయాడు.

"ముట్టుకోబాక!"

వెనక మౌలాలీ నిలబడి ఉన్నాడు. హజ్రా బీ పెద్ద కొడుకు, కంప్రెసర్ డ్రైవరు. ఒంటినిండా డీజిలు మరకలు.

"మౌలాలీ, ముందు పైకి తీద్దాం, తరవాత..."

"మా అమ్మని ముట్టుకోబాక సెక్రటరీ గారూ."

చిన్నప్పటినుంచి మౌలాలీ అతన్ని అంకన్నా అనే పిలిచేవాడు. సెక్రటరీ గారూ అనడం అదే మొదలు. అంకమ్మరావు చేతులు వెనక్కి తీసుకున్నాడు. మౌలాలీ, ఇంకో ముగ్గురు కలిసి ఆమెను నులకమంచం మీద పైకి మోశారు. అప్పటికే వెంకట్రామయ్య జీపు వచ్చి నిలిచింది. వెంకట్రామయ్య స్వయంగా తలుపు తీశాడు. తన భుజం మీది కండువా మడిచి ఆమె కాలి కింద పెట్టాడు.

"నరసరావుపేట పెద్దాసుపత్రికి పోనీ" అని డ్రైవరుకు చెప్పి, మౌలాలీ వీపు నిమిరాడు. "కష్టంలో ఎవరుంటారో చూశావుగా అబ్బాయ్!"

జీపు ఎక్కుతూ వెంకట్రామయ్య అంకమ్మరావు వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అడక్కుండానే తన పని చేసిపెట్టిన కూలివాడి వంక చూసినట్టు, మెచ్చుకోలుగా చూశాడు.

ఆ చూపుకు అంకమ్మరావు ఒళ్లంతా కుంచించుకుపోయింది. అక్కడినుంచి నేరుగా గూడెం వైపు నడిచాడు.

బోరింగు దగ్గరికి వచ్చేసరికి పిచ్చమ్మ అతని సమ్మెట భుజానికెత్తుకుని ఎదురొచ్చింది. కేక విని క్వారీకి పరుగెత్తి, అతను అక్కడ పారేసినదాన్ని తీసుకుని ముందే తిరిగొచ్చింది. అతను మొలతాడులోంచి తాళంచెవి తీయబోయాడు.

"నీ చెవి నీ దగ్గరే ఉంచుకో" అంది ఆమె. సమ్మెట ఎత్తి తాళం మీద వేసింది. నాలుగో దెబ్బకు కొక్కెం విరిగింది. చుట్టూ గూడెమంతా మూగి చూస్తోంది. "రెండు రోజులాయె, ఈ నీళ్లు గొంతు దిగటం లేదు నాకు. సంఘమంటే ఏదో అనుకున్నా. ముసల్దాని మీద మగతనం చూపెట్టటమేనంటయ్యా సంఘమంటే?"

అరుగు మీద ఎవరూ నవ్వలేదు. అంకమ్మరావు గొలుసు విప్పి, చుట్ట చుట్టి, ఎక్కడ పెట్టాలో తెలియక చేతుల్లోనే పట్టుకుని నిలబడ్డాడు.

బోరింగు విప్పారన్న సంగతి అందరికీ తెలుసు. అయినా సాయిబుల వీధి నుంచి ఒక్క బిందె రాలేదు. రెండు రోజులైంది, నాలుగు రోజులైంది. వాళ్లు రెండు మైళ్లు నడిచి కాలవ నీళ్లు తెచ్చుకుంటున్నారు. తల మీద బిందెలతో ఆ ఆడవాళ్లు యూనియన్ పాక ముందునుంచే పోతూ వస్తూ ఉన్నారు. ఇటు తల తిప్పి చూడరు. అంకమ్మరావు పనిలోంచి వచ్చినవాడు పాకలోకి పోవడం మానేశాడు. అరుగు మీద కూర్చుంటే వాళ్లు కనపడతారు. ఇంట్లో కూర్చుంటే పిచ్చమ్మ మాట్లాడదు. ఎన్నికల్లో ఓడిపోయిన అవమానం ఒంటి మీద పడ్డ రంగులాంటిది, కడిగితే పోతుంది. ఈ సిగ్గు ఎక్కడ కడుక్కోవాలో అతనికి తోచలేదు.

ఆరో రోజు సాయంత్రం శివయ్య కమిటీని పిలిచాడు. ఆడవాళ్లను కూడా రమ్మన్నాడు. పాక నిండిపోయింది.

కోటిలింగం మొదలెట్టాడు. "బోరింగు ఇప్పాం. ఇంకేం జెయ్యాల? కాళ్లు పట్టుకోవాలా? రంగునీళ్లు పోసింది మర్చిపోయారా? కుసుమక్క గుమ్మంలో టపాకాయలు కాల్చింది మర్చిపోయారా? తగ్గితే రేపట్నుంచి మన నెత్తిన ఎక్కి తొక్కుతారు."

"ఆడు చెప్పేది నిజమే గదా" అన్నారు వెనకనుంచి.

కుసుమ లేచింది. ఆమె మీటింగుల్లో మాట్లాడగా ఎవరూ చూడలేదు. "నా పేరు చెప్పి నీళ్లు ఆపొద్దన్నా. నా మొగుడు చచ్చిన రోజు నా పిల్లలకి బువ్వ పెట్టింది హజ్రా బీ. టపాకాయలు కాల్చింది ఎంకట్రామయ్య మనుషులు. ఆడి మోటారుకి తాళమెయ్యండి, చేతనైతే."

శివయ్య దగ్గు ఆపుకుని అడిగాడు.

"కోపం ఉండొద్దని నేనన్నానా? ఉండాల. కోపం సచ్చినోడు సంఘంలో ఎందుకు? అయితే ఎవుడి మీదరా అని అడుగుతున్నా. ఎంకట్రామయ్య ఎనిమిది రోజులుగా మీసం దువ్వుకుంటన్నాడు. ఆడి మీద పడాల్సిన కోపం ఆ ముసల్దాని మీద పడింది. నా తప్పు గూడా ఉంది. ఒక్కసారి వద్దని మంచమెక్కా. లేచి కూర్చుని వద్దనాల్సింది."

పిచ్చమ్మ అందుకుంది. "ఓట్ల ముందు ఆ వీధికి ఎన్నిసార్లు పోయారు మీరు?"

మగవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"ఒకసారి" అన్నాడు అంకమ్మరావు. వచ్చిన దగ్గరనుంచి అతను నోరు విప్పడం అదే. "కరపత్రాలు పంచాం."

"వాళ్ల గడపల్లో కూర్చుని ఏందమ్మా మీ కష్టమని అడిగారా?"

"లేదు."

"అడక్కుండా మీ ఓట్లు ఎట్టయినయ్యి అయి?"

అంకమ్మరావు లేచి, "గొలుసేసింది నేను. నేనొక్కణ్ణే పోయి తప్పయిందని చెప్పొస్తా" అన్నాడు.

"ఒక్కడివే పోతే నీ గుండె బరువు దించుకోటానికి పోయినట్టుంటది" అన్నాడు శివయ్య. "నువ్వు ఏశావు, మేం చూస్తా కూర్చున్నాం. అందరం పోదాం."

మర్నాడు శుక్రవారం. మధ్యాహ్నం నమాజు అయ్యాక కమిటీ తొమ్మిది మంది, పిచ్చమ్మ, కుసుమ సాయిబుల వీధికి వెళ్లారు. మసీదు పక్క పీర్ల చావిడి ముందు మగవాళ్లు కూర్చుని ఉన్నారు. గుమ్మాల్లో ఆడవాళ్లు నిలబడ్డారు. ఎవరూ రమ్మనలేదు, కూర్చోమనలేదు. ఎండలో నిలబడే అంకమ్మరావు మొదలుపెట్టాడు.

"బోరింగుకి తాళమేసింది నేను. తప్పు. మీ ఓటు మీ ఇష్టం. దానికి నీళ్లు ఆపటానికి నేనెవుణ్ణి? హజ్రా బీ అత్త కాలు నా మూలాన ఇరిగింది." ముందు అనుకున్న మిగతా మాటలేవీ గుర్తుకు రాలేదు.

మౌలాలీ చావిడి స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. "అయిపోయిందా సెక్రటరీ గారూ?"

"అయిపోయింది."

"అయితే నేనొకటి అడుగుతా. మా తమ్ముడు బాజీ తెలుసా నీకు?"

"ఎందుకు తెలవదు?"

"ఆడి కన్ను ఎట్ట పోయిందో తెలుసా?"

అంకమ్మరావు తడుముకున్నాడు. "కంప్రెసర్ దగ్గర... పైపు పగిలి..."

"రెండేళ్ల కిందట ఆ పైపు పాతదైపోయింది, మార్చమని మూడుసార్లు అడిగాం. మార్చలేదు. అది పగిలి ఆడి ముఖానికి కొట్టింది. రక్తం కారతా ఉంటే ఆణ్ణి తీసుకుని ముందు ఎక్కడికొచ్చానో తెలుసా? మీ పాకకి. యూనియన్ తరపున అడగండన్నా. నువ్వేమన్నావు?"

అంకమ్మరావు ఎంత వెతికినా ఆ రోజు గుర్తుకు రాలేదు. నిజంగానే గుర్తుకు రాలేదు.

"గుర్తుందా?"

"లేదు" అన్నాడు.

వీధిలో చిన్న కదలిక పుట్టి ఆగింది. మౌలాలీ మెల్లగా చెప్పాడు. "మీరు నెలజీతగాళ్లు, కంపెనీ మనుషులు. మా యూనియన్ కూలోళ్లది. మీ కాంట్రాక్టరు దగ్గరికే పొండి అన్నావు. పోయాం. ఆయన గుంటూరు తీసకపోయి వైద్యం చేయించాడు. ఆడికి వాచ్‌మన్ పనిచ్చాడు. పైపు మార్చనిది ఆయనేనని మాకు తెలవదా? తెలుసు. అయినా తలుపు తీసింది ఆయన. ఎయ్యక ఏం చేస్తాం ఓటు? నువ్వు తలుపేసినాక?"

అంకమ్మరావు తల వంచుకున్నాడు. గొలుసు వేసింది మొన్న కాదని అతనికి అప్పుడు తెలిసింది. రెండేళ్ల కిందటే వేశాడు. వేసినట్టు గుర్తు కూడా లేకుండా వేశాడు. కోటిలింగం అంతవరకు చేతులు కట్టుకుని నిలబడ్డవాడు, చేతులు దించేశాడు.

గుమ్మంలోంచి మౌలాలీ భార్య మున్నీ ముందుకొచ్చింది. అయిదో తరగతి చదువుకున్న పిల్ల, మాట పదును. "ఇంతకీ ఎందుకొచ్చారు మీరు? నీళ్లకి రమ్మని చెప్పటానికా, మళ్లీ సమ్మె కోసం మావోళ్లని అడగటానికా?"

శివయ్య ఆమె వైపు తిరిగాడు. "రెండిటికీనమ్మా. అబద్ధమాడను. నీళ్లకి రమ్మనేది ఇయ్యాళ. మీరు సమ్మెకి రాకపోయినా ఆ నీళ్లు మీయే. సమ్మె సంగతి మీరు ఆలోచించుకుని చెప్పండి. ఆడు సైరన్ పెట్టడు, పైపు మార్చడు. ఇవతల యేసుపాదం, అవతల బాజీ. ఆడికి అందరం ఒకటే, మనకే కాదు."

ఎవరూ సరేననలేదు, పొమ్మనలేదు. కమిటీ వచ్చిన దారినే తిరిగిపోయింది. మర్నాడు పొద్దున బోరింగు దగ్గరికి సాయిబుల వీధి నుంచి రెండు బిందెలు వచ్చాయి. ఆ ఇద్దరు ఆడవాళ్లూ ఎవరితో పలక్కుండా నీళ్లు పట్టుకుపోయారు.

ఆదివారం నాటికి హజ్రా బీని కాలికి పిండికట్టుతో ఇంటికి తెచ్చారు. ఆమె మళ్లీ కర్ర లేకుండా నడవదని డాక్టర్లు చెప్పారు. ఆ మధ్యాహ్నమే పోలీసు జీపు, దాని వెనక వెంకట్రామయ్య జీపు సాయిబుల వీధిలోకి వచ్చాయి. ఒక కానిస్టేబులు గూడెంలోకి వచ్చి అంకమ్మరావును రమ్మని కేకేశాడు. శివయ్యా, కోటిలింగం, పిచ్చమ్మా, పనికిపోనివాళ్లు యాభై మందీ వెంట వచ్చారు.

హజ్రా బీ ఇంటి ముందు పందిరి కింద నులకమంచం మీద పడుకుని ఉంది. ఎస్సై చేతిలో రాసిన కాగితం ఉంది. వెంకట్రామయ్య మంచం పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. వీధి వీధంతా చుట్టూ చేరింది.

"ఏం లేదు బూబమ్మా" అన్నాడు వెంకట్రామయ్య. "నిన్ను ఇట్ట చేసినోళ్లని వదలకూడదు. ఎస్సై గారు అంతా రాసుకొచ్చారు. వేలిముద్ర ఒక్కటి ఎయ్యి. రేపట్నుంచి ఆ యూనియనోళ్లు ఒక్కడు కూడా క్వారీలో ఉండడు. ఆ పనులన్నీ మీ వీధోళ్లకే."

కానిస్టేబులు సిరా డబ్బీ మూత తీశాడు. హజ్రా బీ చెయ్యి చాపలేదు.

"మున్నీ, ఏం రాశారో చదువు" అంది.

"చదివేదేముంది..." అని ఎస్సై అంటూనే ఉన్నాడు. మున్నీ చెయ్యి చాచి నిలబడింది. వీధి మొత్తం చూస్తోంది. ఎస్సై కాగితం ఇచ్చాడు. మున్నీ కూడబలుక్కుంటూ గట్టిగా చదివింది. అంకమ్మరావు, శివయ్య, కోటిలింగం అనే ముగ్గురు పాతకక్షలు మనసులో పెట్టుకుని, చంపే ఉద్దేశంతో హజ్రా బీని క్వారీ గుంటలోకి తోశారని అందులో ఉంది.

"నన్నెవరూ తొయ్యలా" అంది హజ్రా బీ.

"వాళ్లు తాళమెయ్యబట్టే కదా నువ్వు అక్కడికి పోయింది!" అన్నాడు వెంకట్రామయ్య.

"తాళమేశారు. అది రాయించు. తోశారని రాస్తే వేలెయ్యను."

"నిన్ను ఆసుపత్రికి తీసకపోయింది ఎవురు బూబమ్మా?"

"నువ్వే. ఆ జీపు నా కొడుకు కన్ను పోకముందు వచ్చుంటే ఇంకా బాగుండేది. ఆ పైపు మార్చటానికి వచ్చుంటే." ఆమె ఆయాసపడింది. "ముసలాయన శివయ్యని జైల్లో పెట్టించాలా నేను? ఆయన దగ్గితే ఈ వీధికి వినపడతది."

అంకమ్మరావు గుంపులోంచి ముందుకు వచ్చాడు. "ఎస్సై గారూ, గొలుసు తెచ్చింది నేను, ఏసింది నేను. మిగతా ఇద్దరికీ సంబంధం లేదు. అది రాసుకోండి, సంతకం పెడతా."

ఎస్సై వెంకట్రామయ్య ముఖంలోకి చూశాడు. వెంకట్రామయ్య ముఖం మాడిపోయింది. "ముందు ఈణ్ణి తీసకపోండి, మిగతాది స్టేషన్లో చూసుకుందురు" అన్నాడు పళ్లబిగువున.

కానిస్టేబులు అంకమ్మరావు రెక్క పట్టుకున్నాడు. అతను మంచం వైపు ఒక అడుగు వేసి ఆగాడు. "అత్తా" అన్నాడు.

"నిన్ను మాఫ్ చేశాననుకోబాక" అంది హజ్రా బీ. "చెయ్యలా. నా కాలు నాకు రాదు. అబద్ధం చెప్పనన్నా, అంతే. పో."

ఆ మాట అతనికి న్యాయంగా తోచింది. తల ఊపాడు.

అతన్ని ఎక్కించుకుని పోలీసు జీపు కదలబోతుంటే మౌలాలీ దానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ఎస్సై హారన్ కొట్టించాడు. మౌలాలీ మాట్లాడింది పోలీసులతో కాదు.

"ఎంకట్రామయ్య గారూ! రేపు కంప్రెసర్లు లెగవు. సైరన్ పెట్టి, పైపులు మార్చి, తీసేస్తానన్న వాళ్లందర్నీ పనిలోనే ఉంచుకుని అప్పుడు కబురంపండి."

"నువ్వు కూడానా మౌలాలీ? నా ఉప్పు తిని..."

"మీ ఉప్పు కాదయ్యా. నా రెక్కల కష్టం తిన్నా."

వెంకట్రామయ్య సాయిబుల వీధి మగవాళ్ల వైపు చూశాడు, ఎవరైనా అడ్డుపడతారేమోనని. బాజీ ఒంటికన్నుతో అతన్నే చూస్తూ, తలకున్న వాచ్‌మన్ టోపీ తీసి జీపు బానెట్టు మీద పెట్టాడు. ఇంకో నలుగురు వచ్చి మౌలాలీ పక్కన నిలబడ్డారు. కోటిలింగం ఒక్క క్షణం తటపటాయించాడు. తరవాత వెళ్లి బాజీ పక్కన నిలబడ్డాడు. అతని వెనకే గూడెం మొత్తం కదిలింది. జీపు ముందు దారి మూసుకుపోయింది.

"తప్పుకోండి, లాఠీచార్జి చేయిస్తా!" అని ఎస్సై అరిచాడు. జీపులో ఉన్నది ఇద్దరు కానిస్టేబుళ్లు. ఎదురుగా రెండు వందల మంది.

"ఆయన్ని తీసకపోవద్దనటం లేదయ్యా" అన్నాడు శివయ్య. "చేసిందానికి ఆడు స్టేషన్‌కి వస్తాడు. యేసుపాదం ఎట్ట చచ్చాడో మేమూ వచ్చి రాయిస్తాం. అందరం నడిచే వస్తాం. మీరు మా ఎనక రండి."

అంకమ్మరావు జీపు దిగాడు. ఎవరూ ఆపలేదు. స్టేషన్ ఏడు మైళ్లు. ఎండ నడినెత్తి దాటింది. ముందు జనం, వెనక నత్తలా పోలీసు జీపు. క్వారీ మలుపు దగ్గర పైఊళ్ల కూలీలు గునపాలు పట్టుకుని నిలబడి చూశారు. వాళ్లలో కొందరు గునపాలు దించి గుంపులో కలిశారు.

అంకమ్మరావు పక్కన ఎవరూ నడవలేదు. మౌలాలీ నాలుగు బారల దూరంలో ఉన్నాడు. ఇటు చూడలేదు, మాట్లాడలేదు. కాని అడుగు తగ్గించి దూరం పెంచుకోనూ లేదు.

"పేల్చే ముందు సైరన్ మోగించాలి!" అని కోటిలింగం కేకేశాడు. జనం అందుకున్నారు. అంకమ్మరావు అందుకోలేదు. అయిదేళ్లుగా ఈ ఊళ్లో ప్రతి నినాదం ముందు అతని నోటివెంటే వచ్చేది. ఇప్పుడు నోరు తెరవడానికి కూడా సిగ్గుగా ఉంది.

అప్పుడు మున్నీ గొంతు లేచింది, ఒంటరిగా, సన్నగా.

"బాజీ కంటికి జవాబు చెప్పాలి!"

ఒక్క క్షణం ఎవరూ అందుకోలేదు. గూడెం వాళ్లకు అది కొత్త నినాదం. నోరు తిరగలేదు. బాజీ తల దించుకుని నడుస్తున్నాడు.

అంకమ్మరావు పిడికిలి బిగించి, ఉన్న ఊపిరంతా కూడగట్టి అరిచాడు.

"జవాబు చెప్పాలి! జవాబు చెప్పాలి!"

గూడెం అందుకుంది. వీధి అందుకుంది. రెండు వందల గొంతులు అందుకున్నాయి. వెనక జీపులో ఎస్సై హారన్ మోగిస్తూనే ఉన్నాడు, అది ఎవరికీ వినిపించలేదు.